గడపబండ దగ్గర విడిచిన బూట్లు

డాక్టరు నడవమన్నది మా ఆయన్ను. ఆయన ఒక వారం నడిచి మానుకున్నారు. తోడు బయల్దేరిన నేను మానుకోలేదు. అట్లా మదనపల్లె ఉదయ నడక సంఘంలో చేరాను. సంఘంలో రిటైరైన పంతుళ్లు, బట్టల అంగడి వాళ్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు, నాలాంటి ఇల్లాళ్లు ఉన్నాం. కార్యదర్శి శివకుమార్ గారికి టమాటా మండీ ఉంది. వేలం పాడి పాడి ఆయన గొంతు మామూలు మాటకు కూడా అరుపుగానే లేస్తుంది.

ఆదివారాలు సంఘం గద్దబండ కొండకు పోతుంది. పుంగనూరు దారిలో పోయి చౌడేపల్లె వైపు తిరిగితే వస్తుంది. మరీ ఎత్తైనది కాదు గానీ బాట నిటారుగా ఉంటుంది. మొదట సీతాఫలం పొదలు, తర్వాత మోకాలెత్తు గడ్డి, ఆ పైన ఒట్టి బండ. కొన్ని చోట్ల చేతులు కూడా ఆనించి ఎక్కాలి. శిఖరానికి కాస్త కింద, బాటకు అడ్డంగా ఒక పొడుగాటి రాయి పడి ఉంది. దాన్ని గడపబండ అంటారు. అక్కణ్ణుంచి పైనంతా కొండ గంగమ్మ చోటు. గుడి లేదు, గోడ లేదు. పసుపు పూసిన రాళ్లు, ఒక వేపచెట్టు, అంతే. కింద ఉన్న బండకిందపల్లె వాళ్లు గడపబండ దగ్గర చెప్పులు విడిచి గానీ పైకి అడుగు పెట్టరు. మేమూ ఆదివారాలు అక్కడే ఆగి, నీళ్లు తాగి, దిగి వస్తాం.

ఏడాదికోసారి, వానలు పోయి చలి మొదలయ్యాక, సంఘం ఈ కొండ మీదికి పరుగు పందెం పెడుతుంది. పరిగెత్తేవాళ్లు కట్టిన రుసుమూ, ఊరి పెద్దలిచ్చిన చందాలూ కలిపి ఏదో ఒక మంచి పనికి ఇస్తారు. ఏ పనికి అన్నదాని మీద మొదటి ఏడాది కమిటీలో కుర్చీలు లేచినంత గొడవైంది. చివరికి శివకుమార్ గారి భార్య, "మీరు తేల్చరు గానీ, గెలిచిన ఆడమనిషిని అడగండి" అంది. అప్పట్నుంచి అదే పద్ధతి. గెలిచిన మగవాడికి కప్పు. గెలిచిన ఆడమనిషికి మాట. ఆమె ఏ పని చెబితే ఆ పనికి ఆ ఏటి చందా.

మమత ఈ మాట కోసమే పరిగెత్తింది.

ఆమెది బండకిందపల్లె. అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటు. తండ్రి సుబ్బరాయుడు ఒకప్పుడు కుప్పం వైపు రాళ్ల పనికి పోయేవాడట. ఇప్పుడు ఆవులు పెట్టుకున్నాడు. పల్లెలో అందరి బతుకూ పాల మీదే. బోరుంది, మోటారుంది, ఒకే ఒక్క కుళాయి ఉంది. గొడ్లు తాగడానికి తొట్టి లేదు. ఆడవాళ్లు కుళాయి కింద బిందెలు పట్టి, నెత్తిన పెట్టుకుని, ప్రతి కొట్టం దగ్గరికీ మోయాలి. ఎండాకాలం పాలిచ్చే ఆవు ముందర బిందె దించితే, మనం నడుం ఎత్తేలోపల అది ఖాళీ అవుతుంది.

"ఆవులు బాగుండాయక్కా, మా అమ్మ మెడే వంగిపోయిండాది" అనేది మమత. ఆమె తల్లి మునియమ్మను నేను చూశాను. మనిషి నిలబడినా తలమీద ఏదో ఉన్నట్టే నిలబడుతుంది.

మమత ఆదివారాలు మాకంటే ముందు కొండ మీద ఉండేది. కిందినుంచి గడపబండ దాకా బూట్లతో పరుగు. అక్కడ బూట్లు విడిచి, పైకి వట్టి కాళ్లతో పరుగు. ఒకసారి నేను అడిగాను.

"పందెం రోజు ఇక్కడ ఆగి బూట్లు విప్పుతూ కూర్చుంటే వెనక వాళ్లు దాటిపోరా మమతా?"

"ఆ దినం ఇప్పనక్కా. మా పెదనాయన బయటోళ్లకి ఒప్పుకున్న్యాడు గదా, తెలీనోళ్లకి తప్పులేదని. ఆ ఒక్క దినానికి నేనూ బయటిదాన్నే అనుకుంటా."

"ఆయన ఊరుకుంటాడా?"

"తిడతాడు. తొట్టొచ్చినాక తిట్టనీ. ఆవులు కూడా నీళ్లు తాగతా ఇంటాయి."

ఆ పెదనాయన ఆదెప్ప. కొండ గంగమ్మకు పూజ చేసేది ఆయనే. పల్లెలో పెద్ద మాటా ఆయనదే. మమత ప్యాంటు వేసుకుని పరిగెత్తడం ఆయనకు నచ్చదు. "నీళ్లు తెస్తాననేసి కొండెక్కతాండాది మా పాప. నీళ్లు కిందుంటాయని ఎవురన్నా సెప్పండప్పా" అని పాలకేంద్రం దగ్గర అందరి ముందూ నవ్వేవాడు. మమత వాదించేది కాదు. గెలిచి వస్తాను, తొట్టి కట్టిస్తాను, అని మాత్రం పల్లెకంతా చెప్పి పెట్టింది. అట్లా చెప్పకుండా ఉండాల్సిందని మునియమ్మ గొణిగేది.

పందెం రోజు నాకు గడపబండ దగ్గర నీళ్లు పోసే పని ఇచ్చారు. పెద్ద స్టీలు క్యానులో నిమ్మకాయ, ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఆదెప్ప. తెల్ల పంచె, మెడలో కొత్త టవలు. మొదట మగవాళ్ల పందెం. ఆయన ఒక్కరి మొహమూ చూడలేదు. గడప దాటే ప్రతి కాలునూ చూశాడు.

"ఇన్ని రకాల చెప్పులు మా జాతరలో కూడా సూడలేదమ్మా" అన్నాడు నాతో. "ఒగనికి పచ్చవి, ఒగనికి ఎర్రవి. కోడిపుంజుల మాదిరి."

"మీరే కదా ఒప్పుకున్నారు?"

"ఒప్పుకుంటి. ఈ పందెంతో కొండకు పేరొస్తాదని శివకుమారప్ప సెప్పె. పేరొస్తే మంచిదే. ఈడ గడప కాడ తోరణం కట్టిస్తాండాం. జాతరలో వసూలైన దుడ్లు మూడేండ్లుగా ఎనకేస్తిమి. ఇటుక, సిమెంటు కింద దిగిండాది. రెండు పక్కలా సింహాలు, నడమ తల్లి బొమ్మ. మల్లా తూరి మీరొచ్చేటప్పటికి సూడండి."

పల్లె వాళ్లు చాలామంది అక్కడికే ఎక్కి వచ్చి బండల మీద కూర్చున్నారు. మునియమ్మ కూడా వచ్చింది. గంగులమ్మ అనే ముసలామె వక్కాకు నములుతూ, "మన పాప వస్తే యీలెయ్యాలంట, ఎవురికొస్తాది యీల?" అని అందర్నీ అడుగుతోంది.

ఆడవాళ్ల పందెం మొదలైందని కింద డప్పు మోగింది. చాలాసేపు గడ్డి కదలడం తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత మలుపు దగ్గర మమత కనపడింది. వెనక ఎవరూ లేరు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఒంగి, పెద్ద పెద్ద అంగలతో బండ ఎక్కుతోంది. మొహం ఎర్రగా కమిలి ఉంది. ఆమె మా అరుపులు వింటున్నట్టు లేదు.

గడపబండ దగ్గరికి వచ్చింది. నేను గ్లాసు చాపాను. తీసుకోలేదు. ఒక కాలి వేళ్లతో రెండో కాలి మడమ నొక్కి బూటు జార్చింది. రెండోదీ అట్లాగే. ఒంగి రెండింటినీ పక్కపక్కన పెట్టింది. రాయిని తాకి, వేళ్లు కళ్లకద్దుకుని, పైకి పరిగెత్తింది. ఇదంతా మూడు నాలుగు ఊపిర్లలో అయిపోయింది. గంగులమ్మ ఈల వేయబోయి తుంపర వేసింది. అందరూ నవ్వారు.

ఆమె మనసు మార్చుకుందని అనుకున్నాను. ఆదెప్ప కుర్చీలో నిటారుగా కూర్చుని, "సూస్తివా" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు.

తర్వాతి మలుపులో హేమలత కనపడింది. ఆమెది కుప్పం. ఒక ప్రైవేటు బడిలో వ్యాయామం టీచరు. పోయినేడు కూడా వచ్చింది. చెవిటి పిల్లల హాస్టలుకు వేడినీళ్ల ఏర్పాటు చేయాలని ఆమె పట్టుదల. గ్లాసు అందుకుని సగం తాగి, సగం నెత్తిన పోసుకుంది. రాయి పక్కన బూట్లు చూసింది.

"ఎవరివి ఇవి?"

"మమతవి."

"కాలికేమన్నా అయ్యిందా?"

"లేదు. బాగానే పోయింది."

హేమలత ఎక్కిపోయింది.

పైన చప్పట్లు వినపడ్డాయి. మైకులో శివకుమార్ గారు మమత పేరు పాట పాడినట్టు సాగదీసి చెప్పారు. పల్లె వాళ్లు లేచి అరిచారు. మునియమ్మ మాత్రం లేవలేదు, కొంగుతో మొహం తుడుచుకుంది. కాసేపటికి మళ్లీ చప్పట్లు. ఆ తర్వాత మైకు మూగబోయింది. ఎవరో మాట్లాడుతున్నారు గానీ మైకులో కాదు. చివరికి శివకుమార్ గారి గొంతే వచ్చింది, ఈసారి మామూలుగా. "మొదటి స్థానం, కుప్పం నుంచి హేమలత."

"తప్పు సదివినాడు" అంది గంగులమ్మ.

మమత దిగి వచ్చింది. వట్టి కాళ్లు, మోకాలి దగ్గర గీరుకుపోయి రక్తం. ఎవరినీ చూడకుండా బూట్ల ముందు నిలబడింది. కుడి బూటు లేసులకు ఒక నల్లటి పట్టీ కట్టి ఉంది, వేలెడంత. అదివరకు నేను దాన్ని గమనించలేదు. పరుగు కాలం లెక్కపెట్టే పట్టీ అది. శిఖరం మీద పరిచిన చాప దాటితే దాని సంగతి మిషనుకు తెలుస్తుంది.

"ఈడుండాది" అంది మమత. "నేనాడ, ఇదీడ."

"ఇప్పనంటివి కదే" అన్నాను.

"నేను ఇప్పలేదక్కా. కాళ్లే ఇప్పినాయి. సిన్నప్పట్నించీ ఈడికొస్తే ఇప్పుతాండాయి. నాకు పైకి పోయినంక తెలిసె."

ఆమె వెనకే శివకుమార్ గారూ, బెంగుళూరు నుంచి మిషను తెచ్చిన అరుణ్ కుమార్ అనే అబ్బాయీ, కమిటీలో మరో ఇద్దరూ దిగివచ్చారు. శివకుమార్ గారు చేతులు ఊపుతూ వస్తున్నారు.

"అందరం కండ్లారా సూసినాం గదప్పా! నేనే మైకులో సెప్తినే!"

"సార్, మిషనుకు మనిషి తెలీదు. పట్టీ తెలుసు" అన్నాడు అరుణ్ కుమార్.

"మిషను పక్కన పెట్టు."

"మీరే కదా సార్ పెట్టించింది. కండ్లతో చూసింది చెల్లదని మీరే రూలు రాయించినారు."

అది నిజం. పోయినేడు ఇద్దరు ఆడవాళ్లు ఒకేసారి చేరినట్టు కనపడితే, చూసినవాళ్లు రెండు జట్లై, బస్సెక్కే దాకా కొట్లాడుకున్నారు. అందుకే ఈ ఏడాది మిషను. దాని మాటే ఆఖరి మాట అని పరిగెత్తేవాళ్లందరూ సంతకం పెట్టారు. మమత కూడా పెట్టింది.

ఈలోగా హేమలత దిగింది. బూట్లలోనే ఉంది. గడపబండకు అవతలే ఆగిపోయింది. దాటాలా వద్దా అన్నట్టు ఒక క్షణం చూసి అక్కడే నిలబడి మాట్లాడింది.

"నాకంటే ముందు ఆమే చేరింది. ఎవరడిగినా నేను అదే చెప్తాను. కానీ సంతకం ఆమే పెట్టింది, నేనూ పెట్టినాను. పిల్లలకు మాటిచ్చి వచ్చినాను. నేను వదులుకోను."

"వదులుకోమని నేనడగలేదు మేడం" అంది మమత.

"సగం సగం చేస్తే?" అన్నారు కమిటీ వాళ్లలో ఒకరు.

"సగం నీళ్లు వేడి చేస్తారా?" అంది హేమలత. మాట కటువుగానే ఉంది. మెడలోని పతకం తీసి చేతిలో పట్టుకుంది. దాన్ని ఏం చేయాలో తెలియక సంచిలో వేసుకుంది.

శివకుమార్ గారికి ఏదో ఒకటి చేయకపోతే ఊపిరాడదు. కమిటీ వాళ్లతో గుసగుసలాడి, ఒక శాలువ తెప్పించారు. గౌరవ అతిథికి తెచ్చినది. అతిథి రాలేదు. "పందెం పోయినా తల్లి గడపను చెప్పుతో తొక్కని మమతమ్మకు, మా సంఘం తరపున భక్తి పురస్కారం!" అని వేలం గొంతుతో ప్రకటించారు. చుట్టూ చప్పట్లు. ఫోన్లు పైకి లేచాయి.

ఆదెప్ప కుర్చీలోంచి లేచాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి నిజమైన నీళ్లే.

"సూసినారా నాయనా! రాజ్యమిస్తామన్నా మా బిడ్డ తల్లి గడప తొక్కలేదు. ఇంతకాలం దీన్ని నేనే ఎగతాళి సేస్తిని. తల్లికి సంతోషమయ్యింది. ఈ దినం తల్లి కడుపు సల్లబడింది!"

"పెదనాయనా" అంది మమత. "నేను భక్తితో ఇప్పలేదు. మర్సిపోయి ఇప్పినా."

"మర్సిపోయినా తల్లినే తల్సుకుంటివి గదమ్మా."

"తల్లినేమీ తల్సుకోలేదు. తొట్టిని తల్సుకుంటా వస్తి."

ఎవరో నవ్వారు, వెంటనే ఆపుకున్నారు. శివకుమార్ గారు శాలువ పట్టుకుని నిలబడే ఉన్నారు. మమత దాన్ని చూసి, "నాకొద్దు సార్, ఎండగా ఉండాది" అంది. తర్వాత రాయి పక్కన కూర్చుంది. కాసేపు కాలి గాయం మీది ఇసుక దులుపుకుంది. కూర్చున్న మనిషి తల ఎత్తకుండానే అడిగింది.

"తల్లికి సంతోషమయ్యిందంటివి కదా పెదనాయనా. నిజ్జంగా అయ్యిందా?"

"అయ్యింది."

"అట్లయితే ఆయమ్మ దుడ్లతో తొట్టి కట్టించు. తోరణం మళ్లీ కడతాం."

ఆదెప్ప టవలు సర్దుకున్నాడు.

"తల్లి దుడ్లు గొడ్లకా?"

"గొడ్లు ఎవురివి? జాతరకు ముందు కొమ్ములకు పసుపు పూస్తా ఏమంటావు నువ్వు? 'తల్లీ, నీ మందను నువ్వే కాచుకో' అంటావు. అనవా?"

"అంటా."

"మరి దాని మందకు దాహమైతే ఎవుర్నడగాల? మదనపల్లె వాళ్లనా?"

ఈ మాటకు శివకుమార్ గారు శాలువ మడిచి చంకలో పెట్టుకున్నారు.

"అది నా ఒక్కని మాట కాదు పాపా. నలుగుర్నీ అడగాల" అన్నాడు ఆదెప్ప.

అంతవరకూ నోరు విప్పని మునియమ్మ, వంగిన మెడ అట్లాగే పెట్టుకుని, "నలుగురూ ఈడే ఉండారు బావా. అడుగు" అంది.

నిజంగానే అందరూ ఉన్నారు. పల్లె మొత్తం బండల మీద కూర్చుని ఉంది. ఆదెప్ప వాళ్ల వైపు తిరిగాడు గానీ అడగలేదు. గంగులమ్మే వక్కాకు ఉమ్మి మొదలుపెట్టింది.

"తోరణం కింద నేను పొయ్యేది ఏడాదికొగ తూరి. కుళాయి కాడికి దినామూ పోతాండా. నాకు సింహాలొద్దు."

"సింహాలకు కూడా నీళ్లు పెట్టాలంటారేమో మల్లా" అన్నాడు వెనకనుంచి ఎవరో మగమనిషి. ఈసారి నవ్వు ఆగలేదు. ఆదెప్ప తమ్ముడు, మమత తండ్రి సుబ్బరాయుడు నవ్వలేదు. అన్న మొహమే చూస్తున్నాడు. ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు, కట్టించప్పా, కట్టించు మామా, అంటున్నారు. మగవాళ్లు అవునూ అనలేదు, కాదూ అనలేదు.

ఆదెప్ప గడపబండను చూశాడు. తల్లి సంతోషపడిందని అందరి ముందూ చెప్పిన మాట ఆయనది. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోలేడు.

"తల్లి పేరు పెట్టాల తొట్టికి" అన్నాడు చివరికి.

"నీ ఇష్టం. పైపు మాత్రం ముందు ఎయ్యి" అంది మమత.

లేసులకున్న పట్టీ విప్పి అరుణ్ కుమార్ చేతిలో పెట్టింది. "ఇంకా టైముంది మేడం, దీన్ని పట్టుకుని పైకి పోయొస్తే పూర్తి చేసినట్టు మీ పేరు పడుతుంది" అన్నాడు అతను.

"ఒగసారి పోయొస్తి గదా" అంది. బూట్లు వేసుకుని, తల్లి చెయ్యి పట్టుకుని దిగింది. వాళ్లు పోయిన తర్వాత కూడా పందెం ఆగలేదు. వెనకబడిన వాళ్లు ఒక్కొక్కరే వచ్చి నీళ్లు అడిగారు. నేను పోశాను.

ఆ ఏటి చందా కుప్పం హాస్టలుకు పోయింది. వేడినీళ్లు వస్తున్నాయని హేమలత సంఘం గ్రూపులో ఫోటో పెట్టింది. ఆ ఫోటో కింద మమత నమస్కారం బొమ్మ ఒకటి పెట్టింది. అంతకు మించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నట్టు నాకు తెలియదు.

తోరణం ఇటుకలు తొట్టికి చాలలేదు, మరికొన్ని తెచ్చారు. ఆదెప్ప మధ్యలో రెండుసార్లు పని ఆపించాడు, ఒకసారి ముహూర్తం కోసం, ఒకసారి అలిగి. శివరాత్రి దాటి, ఎండ ముదురుతుండగా పూర్తయింది. ఆ ఆదివారం మేం కొండ దిగి వచ్చేసరికి కుళాయి పక్కన పల్లెంతా పోగై ఉంది. పొడుగాటి తొట్టి, సున్నం కొట్టి, అంచున పసుపు. గోడ మీద ఎర్ర రంగుతో 'శ్రీ కొండ గంగమ్మ తొట్టి' అని, కింద ఆదెప్ప పేరు, 'మరియు గ్రామస్థులు'. మమత పేరు లేదు. నేను దాన్నే చూస్తున్నానని ఆమె గమనించింది.

"గ్రామస్థుల్లో ఉండానక్కా" అంది.

ఆదెప్ప కొబ్బరికాయ కొట్టి మోటారు వేయించాడు. పైపు దగ్గి, బురదనీళ్లు కక్కి, తర్వాత తేట నీళ్లు పోసింది. తొట్టి నిండింది. సుబ్బరాయుడు ఆవులను తోలుకొచ్చాడు. అవి వచ్చి, వాసన చూసి, మూతులు తిప్పుకున్నాయి. ఒక్కటీ తాగలేదు.

"సిమెంటు వాసన" అన్నాడు సుబ్బరాయుడు.

"తల్లికి కోపమొచ్చింది" అన్నాడు ఆదెప్ప, కొంచెం ఆశగా.

"నానాల బావా. కొత్త కుండ నానబెట్టమా?" అంది మునియమ్మ. చేత్తో నీళ్లు తీసి ఒక ఆవు మూతికి పూసింది. అది నాలుకతో నాకి, ఊరుకుంది. ఆమె మళ్లీ పూసింది. మళ్లీ నాకింది. అందరూ చూస్తూ నిలబడ్డారు. కాలేజీ లేని ఆదివారమే అయినా మమత గడియారం చూసుకుంటోంది. కొంతసేపటికి గంగులమ్మ పొట్టి ఆవు, ఎవరూ పిలవకుండానే, వెనకనుంచి తోసుకుని వచ్చి, గడ్డం దాకా మూతి ముంచింది. దాని గొంతు కదలడం అందరికీ కనపడింది.

మునియమ్మ తడి చెయ్యి చీరకు తుడుచుకుని, ఖాళీ బిందె బోర్లించి దాని మీద కూర్చుంది.